యంత్రమునకును నాడి కలదు

వైద్యుడు రోగిని చూచునప్పుడు మొదట చేయి పట్టుకొనును. మందు మాట తరువాత. శార్ఙ్గధరుని నాటినుండి మన వైద్యమున నాడీపరీక్షకు అంత గౌరవము కలుగుటకు కారణము లేకపోలేదు. బయటికి కనిపించు బాధ వేరు, లోపల నున్న దోషము వేరు. తలనొప్పికి మూలము తలలోనే యుండవలెనను నియమము లేదు. నేటి మోటారు కారు విషయమునను న్యాయ మిదియే. టర్బో అమర్చిన ఇంజను బలహీనపడినదనగా, ఆ బలహీనత గాలి కొరతవలన కావచ్చును, ఇంధనపు కొరతవలన కావచ్చును, ఎక్కడనో ఒక తీగె కొన త్రుప్పుపట్టుటవలననైనను కావచ్చును. బాధ ఒక్కటే, చికిత్సలు మాత్రము వేరు. వాని ఖర్చులో హస్తిమశకాంతరము కలదు.

ఓరుగల్లులో ఈ బాధను చెప్పుకొనుటకు చక్కని పలుకుబడి యొకటి కలదు. మరమ్మతు దుకాణము ముందు బండి నాపి డ్రైవరు, "అన్నా, చడావుల బండి గుంజుతలేదే" అనును. చిన్న వాక్యమేగాని అందు రోగలక్షణ మంతయు ఇమిడియున్నది. చదునైన దారిలో బండి పోవుచున్నది. ఎత్తు ఎక్కునప్పుడు, బరువు పడినప్పుడు మాత్రమే చాలించుకొనుచున్నది. అనగా కొద్దిపాటి ఇంధనముతో పని గడచినంతసేపు దాగియున్న లోపము, ఎక్కువ కావలసివచ్చిన క్షణమున బయటపడుచున్నది. ఇది వినోదముగా చెప్పుకొను విషయము కాదు. ప్రయాణికులతో ములుగు దాటి మేడారము వైపు పోవుచున్న కిరాయి కారు, ముందున్న లారీని దాటబోయి నడిదారిలో దమ్ము కోల్పోయినచో అది డబ్బు మాట కాదు, ప్రాణముల మాట.

ఇంజనులో మండి వెలువడు పొగ ఎంతో శక్తిని వృథాగా బయటికి కొనిపోవును. ఆ పొగచేత ఒక చక్రమును త్రిప్పించి, ఆ చక్రముతో మరియొక చక్రమును త్రిప్పి, దానిచేత గాలిని ఒత్తి ఇంజనులోనికి నెట్టవచ్చునని స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యుకీ ఆలోచించి 1905లో పేటెంటు పొందెను. టర్బో అనునది అదియే. కారులలోని టర్బో నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగగలదు. అది కారులకు మొదట 1962లో అమెరికాలో వచ్చినది. మనదేశపు రైలు పట్టాలమీద కూడ టర్బో నడచినది; ఆ యేడే దిగుమతియై, 1964 నుండి వారణాసిలో తయారైన 2600 అశ్వశక్తి ఆల్కో డీజిలు ఇంజనులు టర్బో గలవే. కాజీపేట షెడ్డులో అట్టి ఇంజనులను ఎరిగినవారికి ఒక దృశ్యము పరిచితము: డ్రైవరు ఒక్కసారిగా శక్తి పెంచినప్పుడు గొట్టమునుండి నల్లని పొగ గుప్పున లేచి, పిమ్మట పలచబడును. ఇంధనము ముందు వచ్చినది. టర్బో వేగము పుంజుకొని గాలిని తెచ్చుటకు కొంత ఆలస్యమైనది. ఆ నల్లదనము గాలి చాలని ఇంధనము యొక్క మొర.

ఈ సంగతి మనస్సున నిలుపుకొన్నచో మొదటి చిక్కు సగము విడిపోవును. డీజిలు బండి గుంజక, నల్లపొగ చిమ్మినచో ముందుగా గాలి దారిని చూడవలెను: టర్బో గొట్టము వదులైనదా, రబ్బరు చీలినదా, జల్లెడ మూసికొన్నదా? బండి గుంజక, పొగయును లేనిచో ఇంధనపు దారిని అనుమానింపవలెను. అయితే 2020 ఏప్రిలు నుండి అమలైన భారత్ 6 నియమములకు లోబడిన డీజిలు కారులలో పొగగొట్టమందే మసిని పట్టు వడపోత యుండుటచేత ఈ గుర్తు మరుగుపడినది. అచ్చట కంటికన్న కొలతయే శరణ్యము.

కొలత దేనిని? ఇంధనపు ఒత్తిడిని. కాకతీయుల చెరువులను చూచి పెరిగిన ప్రాంతమునకు ఈ విషయము క్రొత్తగా చెప్పనక్కరలేదు. చివరి మడికి నీరు రానప్పుడు గ్రామపు నీరటికాడు తూమును పగులగొట్టడు. చెరువులో నీరున్నదా, తూము తెరచియున్నదా, కాలువలో పూడిక పడినదా, దారిలో గండి పడినదా అని వరుసగా గట్టువెంట నడచి చూచును. కారులోను క్రమ మిదియే. ట్యాంకు చెరువు, పంపు తూము, ఫిల్టరు కాలువలోని జల్లెడ, ఒత్తిడిని అదుపుచేయు రెగ్యులేటరు కలుజు, ఇంజెక్టర్లు మడులు. వ్యత్యాస మొక్కటే: చెరువునీరు పల్లమునకు తానే పారును, ఇంధనమును మాత్రము ఎదురొత్తిడికి వ్యతిరేకముగా నెట్టవలెను.

ఈ ఎదురొత్తిడియే టర్బో బండ్లలోని అసలు మెలిక. ఇంజను లోనికిపోవు గాలి గొట్టమందు పెట్రోలు చిమ్ము పద్ధతిగల కారును తీసికొందము. దాని ఇంధనపు ఒత్తిడి 3 బార్లనుకొనవలెను. పది మీటర్ల నీటి అడుగున నుండు ఒత్తిడి సుమారు ఒక బారు. టర్బో పనిచేసి గాలి గొట్టమందు ఒక బారు అదనపు ఒత్తిడి కలిగించినప్పుడు ఇంజెక్టరు ముక్కువద్ద ఆ ఒక బారు ఎదురుగా నిలుచును. అందుచేత ఇంధనపు ఒత్తిడి కూడ 3 నుండి 4కు పెరుగవలెను. అట్లు పెంచుటకే గాలి గొట్టమునుండి రెగ్యులేటరుకు ఒక సన్నని రబ్బరు నాళము పెట్టుదురు. ఆ నాళము చీలినచో రెగ్యులేటరునకు టర్బో సంగతి తెలియదు. ఒత్తిడి 3 బార్లకడనే నిలుచును. ఎదురొత్తిడి పోగా మిగులునది 2. ఇంజెక్టరునుండి వెడలు ఇంధనము ఒత్తిడి యొక్క వర్గమూలమును అనుసరించును గనుక, నూరు పాళ్లు రావలసినచోట 82 పాళ్లే వచ్చును. అవసరము అత్యధికమైన క్షణమందే ఆరింట ఒక పాలునకు మించి లోటు! ఇంధనము తగ్గిన ఆ మిశ్రమము విపరీతముగా వేడెక్కి, అకాలమున ప్రేలి, ఇంజనులో టకటక కొట్టుడు పుట్టించును. అది సాగినచో పిస్టను కరగి చిల్లుపడవచ్చును. చవుకయైన రబ్బరు నాళము నిర్లక్ష్యముచేత ఇంజను మొత్తమును బలిగొనుట ఇట్లే.

దీని పరీక్ష సులభము. ఒత్తిడి మీటరు తగిలించి ఇంజనును నిలకడగా నడపవలెను. అప్పుడు గాలి గొట్టమున శూన్యత యుండుటచేత ఒత్తిడి సుమారు రెండున్నర బార్లు చూపును. రెగ్యులేటరు నాళమును ఊడదీసి కొనను మూసినచో 3కు పెరుగవలెను. పెరుగనిచో రెగ్యులేటరైనను, నాళమైనను, పంపైనను దోషి. ఊడదీసిన నాళములో పెట్రోలు తడి కనిపించినచో రెగ్యులేటరు లోని పొర చిరిగినదని వేరుగ చెప్పనక్కరలేదు. పెక్కు క్రొత్త కారులలో రెగ్యులేటరు ట్యాంకులోనే యుండును. ఎదురొత్తిడి లెక్కను కంప్యూటరు చూచుకొనును. అట్టివానికి ఈ నాళపు పరీక్ష వర్తింపదు.

ఇచ్చట అనుభవము లేనివారు పడు గుంట యొకటి కలదు. ప్రవాహము స్వల్పముగా నున్నప్పుడు పూడిన ఫిల్టరు వెనుకను ఒత్తిడి నిండుగానే కనిపించును. కుళాయి కట్టివేసిన గొట్టములో పూడిక యున్నదో లేదో ఎవరు చెప్పగలరు? కనుక నిలిచియున్న బండిలో చూచిన అంకెను నమ్మరాదు. బరువు మీద, ఎత్తు మీద నడపి చూడవలెను. నడుపువాడొకడు, అంకె చూచువాడొకడు కావలెను. రెండును ఒక్కడే చేయబూనుట ప్రమాదము. అట్లే పంపును నిందించుటకు ముందు దానికి అందు విద్యుత్తును, అది పనిచేయుచున్నప్పుడే, కొలువవలెను. బ్యాటరీవద్ద 12 వోల్టులుండి పంపువద్ద 10 మాత్రమే యున్నచో దోషము పంపుది కాదు. త్రుప్పుపట్టిన ఎర్తు తీగెది, లేదా కాలిన రిలేది. అట్టిచోట పంపు మార్చిన కొన్ని దినములు బాగుండి, బండి మరల అదే దుకాణమునకు వచ్చును.

డీజిలు కారులలో ఈ విద్య మరింత సూక్ష్మమైనది. ఉమ్మడి రైలు పద్ధతి 1997లో ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో కారుతో ప్రజలకు పరిచయమైనది. మనవద్ద 2007లో వచ్చిన మారుతి స్విఫ్టు డీజిలు దానిని వీధి వీధికి తెచ్చినది. మారుతి 2020లో డీజిలు కారులను విరమించినను, అట్టి ఇంజనుగల పాతబండ్లు నేటికిని ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. వానిలో ఇంధనపు ఒత్తిడి, ఇంజను మెల్లగా నడచునప్పుడు రెండు మూడు వందల బార్లు, పూర్తి శక్తిలో 1600 బార్లవరకు నుండును. ఆ 1600 బార్ల ఒత్తిడి నీటిలో కావలెనన్న పదునారు కిలోమీటర్ల లోతు కావలెను. మహాసముద్రముల లోతు సైతము పదకొండు కిలోమీటర్లే!

ఈ రైలులో ఒత్తిడి చాలనప్పుడు కంప్యూటరు 'పీ 0087' అను సంకేతమును నమోదుచేసి, ఇంజనుకు హాని కలుగకుండ శక్తిని తగ్గించివేయును. స్కానరు తగిలించి, ఆ సంకేతము చదివి, "పంపు పోయినది" అని తీర్పు చెప్పు దుకాణములు ఏ నగరమునను లేకపోలేదు. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు తెలుగువాడు. ఆయన శాస్త్రమును చదివిన బాలుడైనను ఈ తీర్పును అంగీకరింపడు. పొగనుబట్టి నిప్పును ఊహించుట సరియైన అనుమానము. ఏలయన నిప్పు లేనిచోట పొగ యుండదు. కాని ఈ సంకేతము పంపు చెడినచోటను కనిపించును, పంపు చక్కగా నున్నచోటను కనిపించును. సాధ్యము లేనిచోటను కనిపించు హేతువును సవ్యభిచారమని శాస్త్రము తోసిపుచ్చినది. సంకేతము చెప్పునది 'ఒత్తిడి చాలదు' అనుమాత్రమే; ఎందువలన చాలదో తెలిసికొనుట మనుష్యుని పని.

ఆ తెలిసికొనుట చవుకనుండి ఖరీదునకు నడువవలెను. మొదట ట్యాంకులోని డీజిలు మంచిదేనా, నీరు కలిసినదా? ఫిల్టరు అడుగున చేరిన నీటిని తీసి చూచిన తెలియును. పిమ్మట ఫిల్టరు. ఆపైన పంపునకు పోవు దారిలో కొంతసేపు పారదర్శకమైన గొట్టము నమర్చినచో గాలి బుడగలు కనిపించునో లేదో తేలును. బుడగలున్నచో ఎచ్చటనో గాలి పీల్చుచున్నది. తరువాత ఇంజెక్టర్ల పరీక్ష. ప్రతి ఇంజెక్టరునుండి కొంత డీజిలు ట్యాంకునకు తిరిగి పోవుచుండును. నాలుగింటికిని నాలుగు చిన్న గాజు సీసాలు తగిలించి ఇంజను నడిపినచో, మూడు సీసాలు సమానముగా నిండి నాలుగవది త్వరగా పొంగిపోయెనా, ఆ ఇంజెక్టరు అరిగిపోయినదన్నమాట. అది గండిపడిన కాలువ. పంపు ఎంత పోసినను చాలదు. ఒత్తిడిని కొలుచు సెన్సారు, ఇంధనమును మితపరచు వాల్వు పరీక్షకు నిలిచిన మీదటనే పంపును దోషిగా నిలుపవలెను.

పనిచేయువారికి ఒక హెచ్చరిక తప్పనిసరి. నడచుచున్న డీజిలు ఇంజను రైలు గొట్టమును వదులుచేయుట ఆత్మహత్యాసదృశము. అంతటి ఒత్తిడితో వెడలిన సన్నని ధార చర్మమును చీల్చి కండలోనికి దూరును. పైకి సూదిగాటువలె కనిపించును, నొప్పియు తొలుత స్వల్పముగా నుండవచ్చును; కాని శస్త్రచికిత్స ఆలస్యమైనచో వ్రేలో చేయియో పోవచ్చును. ఇంజను ఆపి, ఒత్తిడి దిగువరకు కొన్ని నిమిషములు ఆగి, పిమ్మట పానా పట్టవలెను. పెట్రోలు బండివద్దనైతే నిప్పు భయము ఎల్లప్పుడు ఉండనే యున్నది.

ఈ నగరమున సాంకేతిక విద్యకు లోటులేదు. 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సంస్థయై వెలుగొందుచున్నది. అచ్చటి విద్యార్థి వర్గమూలపు సూత్రమును ఎరుగును. దుకాణములోని మేస్త్రీ చెవితోనే పంపు మూలుగును గుర్తించును. ఒకరి విద్య మరియొకరికి చేరుటకు భాష అడ్డమగుచున్నది. మరమ్మతు గ్రంథములన్నియు ఇంగ్లీషున నున్నవి. పదియవ తరగతితో చదువు మాని పానా పట్టిన కుర్రవాడు, ఏ క్రమమున ఏమి పరీక్షింపవలెనో తెలుగులో చదువుకొన వీలైనచో, అతడు మార్చు భాగములు తగ్గును, బాగుచేయు బండ్లు పెరుగును. 'గుంజుట', 'దమ్ము', 'చడావు' వంటి మాటలు అతనికి ఇంతకు ముందే కలవు. వానికి కొలతను జోడించిన చాలును.

బండి యజమాని కూడ ఊరక కూర్చుండరాదు. "పంపు మార్చవలెను" అని విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయుట అతని హక్కు: ఒత్తిడి ఎంత యుండవలెను? ఇప్పుడెంత యున్నది? ఆ కొలత బండి నడచుచుండగా తీసినదా, నిలిచియుండగా తీసినదా? మంచి మేస్త్రీ ఈ ప్రశ్నలకు కోపగింపడు. మీటరు తెచ్చి చూపును. మరమ్మతు ముగిసిన పిదప, మొదట బాధ తోచిన ఆ చడావునకే బండిని మరల తీసికొనిపోయి, అంతే బరువుతో, క్రొత్త అంకెను చూడవలెను. పాత అంకెయు క్రొత్త అంకెయు బిల్లు వెనుక వ్రాయించుకొన్నచో, మరుసటి యేడు అదే బాధ వచ్చినప్పుడు ఆ రెండంకెలే మొదటి సాక్ష్యము పలుకును.