కోటలోకి రైలెలా వచ్చింది?

జపాన్‌లోని ఫుకుయామా స్టేషన్‌లో బుల్లెట్ రైలు దిగి ఉత్తరం వైపు చూస్తే, ఎదురుగా ఎత్తైన రాతిగోడ, దానిమీద తెల్లటి బురుజు కనిపిస్తాయి. కోట పక్కన స్టేషన్ కట్టారనుకుంటాం. నిజానికి స్టేషన్ ఉన్నదే కోట ఆవరణలో! 1622లో కట్టిన ఈ కోట చుట్టూ కందకాలుండేవి; తర్వాత వాటిని పూడ్చేశారు. ఇంత పని ఎందుకు? 1871లో సంస్థానాలు రద్దయ్యాయి, 1873లో చాలా కోటలు ఇక అక్కర్లేదని ప్రభుత్వం తేల్చింది. 1891లో రైలు వచ్చేసరికి, చుట్టూ ఊరు పెరిగిన ఆ కోటలోనే, నడిబొడ్డున, విశాలమైన జాగా ఉంది.

ఊరి బయట కట్టొచ్చుగా అంటారా? కట్టొచ్చు, చాలాచోట్ల కట్టారు కూడా. కానీ ప్రయాణికులు, సరుకులు ఉండేది ఊళ్లోనే కదా. మరి రైలే కోటను నాశనం చేసిందా? కందకాలను మింగిన మాట నిజమే, అది చిన్న నష్టమేమీ కాదు. అయితే ప్రధాన గోపురాన్ని కాల్చింది రైలు కాదు, 1945 ఆగస్టు నాటి బాంబుదాడి. ఇప్పుడున్న గోపురం 1966లో కట్టిన కాంక్రీటుది. అసలైన పాతది చూడాలంటే, ఆ మంటల్లో మిగిలిన ఫుషిమి బురుజును చూడండి.