షేక్‌స్పియర్ మాటల లెక్క

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1861లో మాక్స్ ముల్లర్ భాషాశాస్త్రం మీద వరుసగా ఉపన్యాసాలిచ్చాడు. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో అచ్చు వేయించిన ఈ జర్మన్ పండితుణ్ణి మనవాళ్లు మోక్షమూలర భట్టు అని పిలుచుకున్నారు. ఆ ఉపన్యాసాల్లో ఆయన ఓ పల్లెటూరి పాదిరి చెప్పిన సంగతి ఎత్తాడు. ఆ పాదిరి ఊళ్లో కొందరు కూలీలకు వచ్చిన మాటలు 300 కూడా లేవట. వెంటనే పెద్దల లెక్కలు తీశాడు. బైబిలు పాత నిబంధన మొత్తానికి 5,642 మాటలు సరిపోయాయి. మిల్టన్ 8,000 వాడాడు. షేక్‌స్పియర్‌కు మాత్రం 15,000 కావలసి వచ్చాయి.

కూలీల లెక్క శుద్ధ అబద్ధం. మూడేళ్ల పిల్లలకే అంతకంటే ఎక్కువ మాటలు వస్తాయి. పాదిరిగారి ఎదుట వాళ్లు నోరు విప్పి ఉండరు, అంతే. అయినా ఆ పోలిక జనం నోళ్లలో పడింది. షేక్‌స్పియర్‌కు ఉన్నన్ని మాటలు ఇంకే రచయితకూ లేవన్న నమ్మకం స్థిరపడిపోయింది. అంకె మాత్రం ఒకచోట నిలవలేదు. ఒకరు 15,000 అంటే ఇంకొకరు 20,000 అన్నారు, మరొకరు 30,000 దాటించారు.

అసలు చిక్కు మాటను ఎలా లెక్కపెట్టాలన్న దగ్గరే ఉంది. ‘వచ్చాడు, వస్తుంది, రాలేదు, రమ్మను’ అన్నవి నాలుగు మాటలా, ఒకే క్రియకు నాలుగు రూపాలా? ప్రతి రూపాన్నీ విడిగా ఎంచితే షేక్‌స్పియర్ ఖాతాలో 31,534 పడతాయి. ఒకే మాట రూపాలన్నిటినీ ఒక పద్దు కింద వేస్తే అవి 20,000కు అటూ ఇటూగా దిగిపోతాయి. మార్విన్ స్పెవాక్ కంప్యూటరు సాయంతో తయారుచేసిన పదసూచిక వల్ల ఈ లెక్కలు తేలాయి. నాటకాలు, కవితలు అన్నీ కలిపి షేక్‌స్పియర్ రాసినవి 8,84,647 మాటలు. కంప్యూటర్లు లేని కాలంలో మేరీ కౌడెన్ క్లార్క్ అనే ఆవిడ 16 ఏళ్లు కూర్చుని ఆ నాటకాలకు పదసూచిక రాసి, 1845 నాటికి అచ్చు పూర్తి చేయించింది. ఆ ఓపిక ముందు మన లెక్కలు ఏపాటివి!

పెద్ద అంకెలన్నిటినీ పక్కనపెట్టి చూడాల్సిన అంకె 14,376. ఇవన్నీ షేక్‌స్పియర్ ఒకే ఒక్కసారి వాడి మళ్లీ ముట్టని మాటలు. ఖాతాలో దాదాపు సగం!

ఈ ఒంటరి మాటలను పట్టుకునే స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బ్రాడ్లీ ఎఫ్రన్, రోనాల్డ్ థిస్టెడ్ అనే గణాంకవేత్తలు 1976లో ఓ తమాషా ప్రశ్న వేశారు. షేక్‌స్పియర్‌కు తెలిసి కూడా ఎక్కడా వాడని మాటలు ఎన్ని ఉండి ఉంటాయి? పద్ధతి వాళ్లకు సీతాకోకచిలుకల దగ్గర దొరికింది. మలయాలో కార్బెట్ అనే ఆయన సీతాకోకచిలుకలను సేకరిస్తూ వచ్చాడు. కొన్ని జాతులు ఆయనకు ఒక్కసారే చిక్కాయి, కొన్ని రెండుసార్లు చిక్కాయి. అసలు వలలో పడనివి ఎన్నో వీటిని బట్టే అంచనా కట్టవచ్చని ప్రసిద్ధ గణాంకవేత్త ఫిషర్ 1943లో చూపించాడు. అదే సూత్రాన్ని మాటలకు పట్టిస్తే, షేక్‌స్పియర్‌కు కనీసం ఇంకో 35,000 మాటలు తెలిసి ఉండాలని తేలింది.

ఈ అంచనాకు పరీక్ష కూడా వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఒక పాత రాతప్రతిలోని కవిత షేక్‌స్పియర్‌దేనని 1985లో గ్యారీ టేలర్ అనే పండితుడు ప్రకటించాడు. అందులో 429 మాటలున్నాయి. అది నిజంగా ఆయనదే అయితే ఆయన ఇంకెక్కడా వాడని మాటలు ఏడు దాకా ఉండాలని సూత్రం చెప్పింది. చూస్తే తొమ్మిది ఉన్నాయి. లెక్క కుదిరినట్టే. కానీ అంత చప్పటి కవితను ఆయనకు అంటగట్టడానికి పండితుల్లో చాలామందికి మనసొప్పలేదు.

మరి మిగతా నాటకకర్తల మాటేమిటి? ఇక్కడే పాత నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది. ఎక్కువ రాసినవాడి దగ్గర ఎక్కువ మాటలు కనబడటం సహజం. షేక్‌స్పియర్ నాటకాలు ముప్పై ఏడుకు తక్కువ కాకుండా మనకు మిగిలాయి. 29 ఏళ్లకే కత్తిపోటుకు బలైన మార్లో నాటకాలు ఏడే. ఈ తేడాను సరిచేసి, నాటకానికి నాటకాన్ని సమానంగా తూచి హ్యూ క్రెయిగ్ అనే పరిశోధకుడు 2011లో ఒక వ్యాసం ప్రచురించాడు. షేక్‌స్పియర్ వరుస మధ్యలో తేలాడు. జాన్ వెబ్‌స్టర్ ఆయన్ను దాటిపోయాడు.

1,700 మాటలు షేక్‌స్పియరే పుట్టించాడన్న ప్రచారం సంగతీ అంతే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం ప్రతి మాటా మొదట ఎక్కడ కనబడిందో వెతికినవాళ్లు ఎక్కువగా స్వచ్ఛంద పాఠకులు. వాళ్ల ఇళ్లలో షేక్‌స్పియర్ ఉన్నాడు, పదసూచికా సిద్ధంగా ఉంది. అదే కాలపు థామస్ నాష్‌ను అంత శ్రద్ధగా తిరగేసినవాళ్లు తక్కువ. యూర్గెన్ షేఫర్ 1980లో ఈ వంకర తూకాన్ని బయటపెట్టాడు. పాత పుస్తకాలను కంప్యూటర్లో వెతికే వీలు వచ్చాక షేక్‌స్పియర్ ‘సొంత’ మాటలు చాలా వాటికి అంతకుముందటి ఆధారాలు దొరికాయి. ఒక్కటి ఆలోచిస్తే చాలు. ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే అర్థాలు చెప్పే మొదటి నిఘంటువు, రాబర్ట్ కాడ్రీది, 1604లో వచ్చింది. అందులో ఉన్నవి సుమారు 2,500 మాటలు. అప్పటికే హామ్లెట్ రంగస్థలం ఎక్కేసింది. అలాంటి నిఘంటువు కూడా లేని రోజుల్లో అర్థం కాని మాటలు కుప్పగా పోస్తే, నాటకశాల ఆవరణలో నిలబడి చూసే జనం ఊరుకుంటారా?

అయితే ఈ లెక్కలతో షేక్‌స్పియర్ తగ్గిపోయాడా? లేదు. ఆయన బలం మాటను వాడిన తీరులో ఉంది. తండ్రి తోలుతో చేతితొడుగులు కుట్టే వ్యాపారి. ఎలా లాగితే అలా సాగే మేకపిల్ల తోలు ఆయన నాటకాల్లో వాక్చాతుర్యానికి ఉపమానమైంది. డేగల వేట, కోర్టు, ఓడ పని, ఎక్కడి మాటనైనా ఆ పని తెలిసినవాడిలాగే పలికించాడు. మోకాలు, మోచేయి లాంటి నామవాచకాలను ఉన్నపళంగా క్రియలుగా మార్చేశాడు. ముందు ‘అన్’ తగిలించి జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పడమంటే ఆయనకు మహా సరదా. లేడీ మాక్బెత్ తన ఆడతనాన్ని తీసేయమని భూతాలను వేడుకుంటూ ‘అన్‌సెక్స్’ అంటుంది. రెండో రిచర్డ్ నాటకంలో రాజరికం ఊడిపోవడం ‘అన్‌కింగ్’ అయింది. కొరియొలేనస్‌లో అరిచిన అరుపును వెనక్కి తీసుకోవడం ‘అన్‌షౌట్’.

హత్య చేసి వచ్చిన మాక్బెత్ తన నెత్తుటి చేతులు చూసుకునే చోట ఈ పనితనమంతా కనబడుతుంది. సముద్రాలనే ఎర్రబరచే ఆ నెత్తురు గురించి చెప్పడానికి ‘మల్టిట్యూడినస్’, ‘ఇన్‌కార్నడైన్’ అనే లాటిన్ వాసన గల రెండు బరువైన మాటలు మోగిస్తాడు. ఆ మరుసటి పాదంలో అదే సంగతిని పొట్టి పొట్టి ఇంగ్లీషు మాటల్లో తిరిగి చెబుతాడు. దీర్ఘ సమాసం తర్వాత అచ్చ తెనుగు పలికినట్టు ఉంటుంది. ఇక లియర్ రాజు, చచ్చిపోయిన కూతురి పక్కన కూర్చుని, చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఒకే మాటను ఐదుసార్లు అంటాడు. పాదం మొత్తం అదే. పదసూచిక లెక్కలో అది కొత్తగా ఒక్క మాటనూ చేర్చదు. నా దృష్టిలో ఆయన రాసిన గొప్ప పాదాల్లో అదొకటి.

చేతితొడుగుల వ్యాపారి కొడుక్కి ఇన్ని మాటలెక్కడివి, ఈ నాటకాలు ఎవరో పెద్దమనిషి రాసినవే అయ్యుండాలి అని వాదించేవాళ్లకు మాటల రాశి పెద్ద ఆయుధమైంది. వాళ్లకు ఎంతో ఇష్టమైన మాట ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’లో ఉంది. ‘హానరిఫికాబిలిట్యూడినిటాటిబస్’. ఇంగ్లీషు లిపిలో 27 అక్షరాలు. షేక్‌స్పియర్ మొత్తం రచనల్లో ఒక్కసారే వస్తుంది. అది ఆయన సృష్టీ కాదు, మధ్యయుగాల లాటిన్ పండితులు ఆడుకున్న పాత మాట. నాటకంలో దాన్ని కోస్టర్డ్ అనే పల్లెటూరి విదూషకుడు పలుకుతాడు, పాండిత్యం వెలగబెట్టే బడిపంతులును వెక్కిరించే సందర్భంలో. 1910లో సర్ ఎడ్విన్ డర్నింగ్-లారెన్స్ ఆ 27 అక్షరాలనూ తారుమారు చేసి ఒక లాటిన్ వాక్యం అల్లాడు. ఈ నాటకాలు ఫ్రాన్సిస్ బేకన్ కన్న బిడ్డలని దానికి అర్థం చెప్పి, ఏకంగా పుస్తకమే వేసేశాడు.