పురమందిరం: పలువురి విరాళాలతో వెలసిన వేదిక

చెన్నై సెంట్రల్ రైల్వే స్టేషను దాటి పెరియమేడు వైపు సాగితే, కార్పొరేషన్ కార్యాలయమైన తెల్లని రిప్పన్ భవనానికి పక్కనే ఎర్ర ఇటుకల కట్టడమొకటి కనిపిస్తుంది. అదే విక్టోరియా పబ్లిక్ హాల్, నగర పురమందిరం. 1913లో ప్రారంభమైన రిప్పన్ భవనం కంటె ఇది రెండు దశాబ్దాలకు పైగా పాతది.

నగర ప్రజలు సభలు జరుపుకొనేందుకు ఒక మందిరం ఉండాలన్న సంకల్పంతో 1882లో పురప్రముఖులు పచ్చయప్ప హాలులో సమావేశమై ఒక సంఘాన్ని ఏర్పరచారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేశారు. తిరువాన్కూరు, మైసూరు, పుదుక్కోట సంస్థానాధీశులు, పలువురు జమీందారులు విరాళాలిచ్చారు. పీపుల్స్ పార్కులో సుమారు మూడెకరాల స్థలాన్ని కార్పొరేషన్ 1886లో 99 ఏళ్ల లీజుకు ఇచ్చింది. రాబర్ట్ చిజమ్ రూపకల్పన చేయగా, నంబెరుమాళ్ శెట్టి 1888–1890 మధ్య నిర్మాణం పూర్తిచేశారు.

భవనంలో కింద ఒకటి, పై అంతస్తులో ఒకటిగా రెండు విశాలమైన హాళ్లున్నాయి. ఆరువందల మంది వరకు కూర్చునే వీలుండగా, తూర్పువైపు కొయ్య గ్యాలరీలో మరి రెండువందల మందికి పైగా చోటు దొరికేది. కమానుల వరండాలు గాలి, వెలుతురుల రాకపోకలకు అనువుగా ఉంటూ ఎండ వేడిని అడ్డుకుంటాయి. తిరువాన్కూరు పద్ధతిలో కట్టిన గోపురపు కప్పు దూరం నుండే భవనాన్ని గుర్తుపట్టిస్తుంది.

ఈ వేదిక ఏ ఒక్క భాషకో పరిమితం కాలేదు. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద ఇక్కడ ఉపన్యసించారు. నగరంలోని తొలి చలనచిత్ర ప్రదర్శనలు కొన్ని ఇక్కడే జరిగాయి. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాయకత్వంలో బళ్లారి సరసవినోదినీ సభ మద్రాసులో ఆడిన తెలుగు నాటకాలను చూసి ఉత్తేజితులైన పమ్మల్ సంబంధ ముదలియార్, 1891లో సుగుణ విలాస సభను స్థాపించారు. తమిళంతో పాటు తెలుగు నాటకాలనూ ప్రదర్శించిన ఆ సభకు ఈ మందిరమే చిరకాలం రంగస్థలమైంది. బళ్లారి తెలుగు నాటకం తమిళ రంగస్థలానికి ప్రేరణనివ్వడం, ఆ తమిళ సభ తిరిగి తెలుగు నాటకాన్ని ఆదరించడం ఈ మందిర చరిత్రలోని విశేషం.

అంతటి వేదిక కూడా తరువాతి కాలంలో మూగబోయింది. 1985లో లీజు గడువు తీరింది. నిర్వహణ కొరవడి, భవనం శిథిలావస్థకు చేరి, ఏళ్ల తరబడి మూతబడింది. 2023లో కార్పొరేషన్ పునరుద్ధరణ పనులు చేపట్టింది. కట్టడానికి అయ్యే ఖర్చు ఒకసారిది; కాపాడడానికి అయ్యే ఖర్చు ఏటేటిది. ఆ రెండవదాన్ని మరచినందువల్ల నగరం ఒక తరం పాటు తన సభామందిరాన్ని పోగొట్టుకున్నది.

ఇటువంటి ప్రాచీన మందిరంలో కార్యక్రమం తలపెట్టే సంఘాలు కొన్ని విషయాలు గుర్తుంచుకోవడం మంచిది. అనుమతించిన సంఖ్యకు మించి జనాన్ని రానీయరాదు. గోడలకు మేకులు కొట్టరాదు. కొయ్యపనితనం ఉన్నచోట దీపాలు, కర్పూరం వెలిగించరాదు. బయటికి పోయే దారులకు కుర్చీలు అడ్డం వేయరాదు. తెలుగు వారి ఉగాది సభ అయినా, తమిళ నాటకమైనా, ఉర్దూ ముషాయిరా అయినా, ముగిసిన తరువాత మందిరాన్ని యథాతథంగా అప్పగించినప్పుడే రాబోయే వారికి అది దక్కుతుంది.