లక్క బొమ్మల పని నేర్చుకుందామా?

అక్కలారా! లక్క బొమ్మలు చూశారు కదా. అవి ఎలా చేస్తారో తెలుసా?

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో ఈ పని చేస్తారు. అంకుడు కర్ర ముక్కను తరిణెకు బిగిస్తారు. తరిణె అంటే కర్రను గిరగిరా తిప్పే యంత్రం. తిరిగే కర్రకు ఉలి ఆనిస్తే గుండ్రంగా వస్తుంది. తర్వాత రంగు లక్కను అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ పని చూసి, చేసి నేర్చుకోవాలి. తెలిసినవాళ్ళ పక్కన కూర్చోండి. ముందు రుద్దడం, తర్వాత లక్క పట్టడం, ఆపైన ఉలి పట్టండి.

ఒక్క మాట. పైట చెంగు గట్టిగా దోపుకోండి. జడ ముడి వేసుకోండి. తరిణెకు చిక్కితే ప్రాణానికే ముప్పు.

ఇవాళ ఎన్ని బొమ్మలు చేశారు? కూలి ఎంత రావాలి? మీ పుస్తకంలో మీరే రాసుకోండి. అప్పుడు మీ లెక్క ఎవరూ తప్పించలేరు.