నొప్పి తెలియని చేయి, నొప్పి వదలని కాలు

పొయ్యి మీది మట్టికుండను ఆమె ఉత్త చేతులతో దించుతుంది. చూసినవారు ఆమె ఓర్పును మెచ్చుకుంటారు. మరునాటికి వేళ్ళ నిండా బొబ్బలు. అవి ఎప్పుడు లేచాయో ఆమెకే తెలియదు. బస్తరు అడవి గ్రామాలలో కుష్ఠువ్యాధి తన రాకను ఇలా కూడా తెలుపుతుంది.

మన నరాలలోని తంతువులన్నీ ఒకే మందాన ఉండవు. లావు తంతువులు స్పర్శను, కదలికను మోసుకుపోతాయి. సన్నని తంతువులది వేడి, చలి, నొప్పి తెలిపే పని. వీటిలో మరీ సన్ననివాటికి కొవ్వు తొడుగు కూడా ఉండదు. వార్త సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో, మనిషి నింపాదిగా నడిచినట్లు సాగుతుంది. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్న కుష్ఠు సూక్ష్మజీవికి శరీరంలోని చల్లని తావులంటే ప్రీతి. చర్మంలోను, మోచేతి వద్ద, చీలమండ వద్ద పైపైన సాగే నరాలలోను అది కాపురం పెడుతుంది. తొలి దెబ్బ సాధారణంగా సన్నని తంతువులకే. అందుచేతనే పాలిపోయిన మచ్చపై దూది తగిలితే తెలిసినా, వేడినీటి గొట్టానికీ చన్నీటి గొట్టానికీ భేదం తెలియకపోవచ్చు.

పెద్ద ఆసుపత్రులలో నరాల వేగాన్ని కొలిచే యంత్రం ఈ దశలో అక్కరకు రాదు. అది లెక్కించేది లావు తంతువులనే. కాలు మండిపోతున్నదని మొరపెట్టుకునే రోగికి, అంతా సవ్యంగానే ఉన్నదని కాగితం చేతికి వస్తుంది! చర్మం నుంచి మూడు మిల్లీమీటర్ల ముక్క తీసి తంతువులను సూక్ష్మదర్శినిలో లెక్కించే పద్ధతి ఉన్నది గాని, అది నగరాల మాట. పల్లెలో రెండు గాజు గొట్టాలు, కాస్త దూది, మోచేతి నరాన్ని తడిమి చూడగల వేళ్ళు చాలావరకు సరిపోతాయి.

నిప్పును గుర్తించలేని నరమే తనంత తాను మండటం ఈ వ్యాధిలోని విపరీతం. మందుల కోర్సు ముగిసి, సూక్ష్మజీవి నశించిన తరువాత కూడా కొందరికి కాళ్ళలో మంట, సూదులు గుచ్చినట్టి పోటు సంవత్సరాల తరబడి నిలుస్తాయి. హైదరాబాదులో ఇట్టి రోగులను పరిశీలించి, వారి నరాల నమూనాలను పరీక్షించిన వైద్యుల నివేదిక 2007లో వెలువడింది. ఈ నొప్పి కల్పన కాదు, రోగం తిరగబెట్టిందనడానికి రుజువూ కాదు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి మందులు కొందరికి ఉపశమనమిస్తాయి. అయితే నొప్పి కొత్తగా మొదలై, నరం ఉబ్బి, తాకితే బాధించినచో అది వేరు సంగతి: నరంలో వాపు రగులుతున్నదన్నమాట. వైద్యుని పర్యవేక్షణలో ప్రెడ్నిసొలోన్ వెంటనే ప్రారంభిస్తే పోయిన శక్తి కొంతైనా తిరిగి రావచ్చు. ఆరు నెలలు దాటితే ఆ ఆశ సన్నగిల్లుతుంది.

ఆరు నెలలు! బస్తరులో అవి ఎంత సులువుగా గడిచిపోతాయి! ఇప్పపూల కాలం, బీడీ ఆకుల కాలం, ఆపై వానలు, పొంగే వాగులు. శబరి ఒడ్డున కొంటలోను, ఇంద్రావతి దాపున భోపాలపట్నంలోను తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. లోపలి గ్రామాలలో గోండి, హల్బీ. ఆరోగ్య కార్యకర్తకు భాష రాకపోతే ‘తిమ్మిరి’ అన్న ముక్క కూడా చేరదు. జాతీయ స్థాయిలో పదివేల జనాభాకు ఒక రోగి కన్న తక్కువ అన్న లక్ష్యాన్ని భారతదేశం 2005 చివర చేరుకున్నది. ఛత్తీస్‌గఢ్ మాత్రం అప్పుడు ఆ గీత దాటలేదు. సోకిన తరువాత వ్యాధి బయటపడడానికి సగటున ఐదేళ్ళు, ఒక్కొక్కప్పుడు ఇరవై ఏళ్ళు పట్టే రోగాన్ని గణాంకాలు తొందరపెట్టలేవు.

బహుళ ఔషధ చికిత్స ఆరు లేదా పన్నెండు నెలలు; ఉచితం. రోగితో మెలిగేవారికి రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇచ్చే పద్ధతి 2018లో జాతీయ కార్యక్రమంలో చేరింది. కాని చచ్చిన తంతువులను ఏ మాత్రా బ్రతికించలేదు. వేళ్ళు రాలిపోయేది రోగం తినివేయడం వలన కాదనీ, నొప్పి తెలియక తగిలిన గాయాల వలననీ వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించాడు. అందుకే వైద్యులు మెత్తని రబ్బరు అట్ట వేసిన చెప్పులిస్తారు. ప్రతి సాయంత్రం పాదాలను నీటిలో నానబెట్టి, నూనె రాసి, అరికాలిని త్రిప్పి చూసుకొమ్మంటారు. తనకు కనిపించకపోతే ఇంటిలో మరొకరు చూడాలి, ముల్లు ఎక్కడైనా దిగి ఉన్నదేమో.