నాయనమ్మ లెక్క

కార్తీకం ఇంకా రాకముందే మా నాయనమ్మ ఒళ్లో పత్తి చేరేది. గింజలు తీసి, వేళ్లకు విబూది అద్దుకుని వత్తులు చేసేది. పౌర్ణమి నాడు 365 వత్తుల కట్టను ఆవునేతిలో తడిపి వెలిగిస్తే, ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజుల లోటు తీరుతుందని నమ్మకం.

తను ఒక్కరోజూ మానేది కాదు. అయినా ఐదు కట్టలు చేసేది. తనకొకటి, ఇద్దరు కోడళ్లకు, ఇద్దరు కూతుళ్లకు. "ఉద్యోగాలాయె, వాళ్లకు తీరికెక్కడిది?" అనేది.

పదో తరగతిలో నేను తెలివి చూపించాను. "నాయనమ్మా, చాంద్రమానం లెక్కన ఏడాదికి 354 రోజులే. 11 వత్తులు ఎక్కువ చేస్తున్నావు."

చేయి ఆపకుండానే అంది: "అవి నువ్వు ఎగ్గొట్టిన స్నానాలకురా."

ఆమె ఏడూడు దాటాక వచ్చిన కార్తీకంలో అమ్మ దుకాణంలో కట్ట కొంది. లెక్కపెట్టాను. 340 ఉన్నాయి. మిగతా 25 నేనే చేశాను, వంకరటింకరగా.