కత్తికి ముందు పటం

ముక్కు బయటికి వేలెడే గాని, దాని వెనుకనున్న ఇల్లు చాలా పెద్దది. బుగ్గ ఎముకల్లో ఒక జత గదులు, నొసటిలో ఒక జత, రెండు కళ్ళ నడుమ తేనెపట్టు వంటి చిన్న చిన్న అరలు, వాటికి వెనుక తల నడిబొడ్డున మరో జత. డాక్టర్లు వీటినే సైనసులంటారు. సన్నని దారుల గుండా ఇవి ముక్కులోకి తెరుచుకుంటాయి. ఆ దారి పూడుకుపోయిందా, ముక్కుదిబ్బడ, తలబరువు, వాసన తెలియకపోవడం వరసగా వచ్చిపడతాయి.

ఎల్లారెడ్డిలో ఉండే మా చిన్నాయనకు ఈ బాధ చాలా ఏళ్ళుగా ఉంది. పొయ్యిమీద పప్పు మాడినా తెలియనంతదాకా వచ్చింది. కామారెడ్డికి తీసుకువచ్చి ముక్కు డాక్టరుకు చూపించాం. ఆయన కొసన దీపమున్న సన్నని గొట్టం, ఎండోస్కోపు, లోపలికి పోనిచ్చి చూసి, కండలు పెరిగాయన్నారు. కొన్ని వారాలు మందులు వాడి, ఉప్పునీటితో ముక్కు కడుక్కోమన్నారు. అప్పటికీ లొంగకపోతే సీటీ స్కాన్ తీయించి, ఆపరేషన్ సంగతి చూద్దామన్నారు. మందులకు పూర్తిగా లొంగలేదు. స్కాన్ అనేసరికి చిన్నాయన అడ్డం తిరిగాడు.

"కండ ఉన్నదని ఆయనే కండ్లార చూసి చెప్పిండు గద! మళ్ల ఫోటో ఎందుకురా, పైసలు దండుగ?"

అడగవలసిన ప్రశ్నే. చాలా ఇళ్ళలో అడిగేదీ ఇదే. అయితే స్కాన్ చూపేది జబ్బును మాత్రమే కాదు, జబ్బుకు ఇరుగుపొరుగున ఏమున్నాయో కూడాను. కంటికీ ఈ అరలకూ మధ్యనున్న ఎముకకు వైద్యులు వాడే లాటిన్ పేరుకు అర్థం 'కాగితపు పలక'. పేరుకు తగినంత పల్చన. పైకప్పు దాటితే మెదడు. వెనుక గది గోడను ఆనుకొని మెదడుకు నెత్తురు తీసుకుపోయే పెద్ద ధమని, చూపు నరం. ఎండోస్కోపు ఎదుటి గోడను చూపుతుంది గాని గోడవతల ఏముందో చూపలేదు.

పైగా ఏ ఇద్దరి ముక్కూ లోపల ఒక్క తీరున ఉండదు. ముక్కు కప్పులో వాసన నరాలుండే పల్లం ఒకటుంది. కేరోస్ అనే ఆయన 1962లో దాన్ని లోతునుబట్టి మూడు తరగతులు చేశాడు: 1-3, 4-7, 8-16 మిల్లీమీటర్లు. పల్లం లోతుగా ఉన్నకొద్దీ దాని పక్కనున్న పల్చని ఎముక అంత ఎక్కువ మేర కత్తికి ఎదురవుతుంది. కొందరికి వెనుకటి అర ఒకటి చూపు నరం మీదికి పాకి ఉంటుంది. ఇవన్నీ బల్లమీద తెలుసుకోవలసిన సంగతులు కావుగదా!

వెనుకటి రోజుల్లో మామూలు ఎక్స్‌రేయే గతి. అందులో నీడమీద నీడ పడుతుంది. సీటీతో మొదటి రోగి తలను ఇంగ్లండులోని వింబుల్డన్‌లో 1971లో తీశారు. దాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డుకు, కార్మక్‌తో కలిపి, 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆస్ట్రియాలో మెస్సర్‌క్లింగర్ సాధించిన ఎండోస్కోపు విద్యను 1980లలో కెనెడీ అమెరికాలో వ్యాప్తిచేశాడు. పటమూ గొట్టమూ అప్పటినుంచి జతకట్టాయి. మనవైపు ఈ గోడల సంగతి 2021లో అందరికీ తెలిసివచ్చింది. కరోనా వెంట వచ్చిన నల్ల ఫంగస్ ఈ గదుల్లోనుంచే కంటికి ఎగబాకేది. హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రి ఆ రోగులతో నిండిపోయింది.

చివరికి చిన్నాయన ఒప్పుకున్నాడు. జలుబు లేని రోజు చూసి తీయించాం. జలుబులో తీస్తే ఆ వాపు కూడా జబ్బులాగే కనబడుతుందట. రొట్టెను ముక్కలు కోసినట్టు, ముఖాన్ని పొరలు పొరలుగా చూపే బొమ్మలు. డాక్టరు ఒకదానిమీద వేలు పెట్టి, "చిన్నప్పుడు ముఖానికి దెబ్బ తగిలిందా?" అన్నారు.

"ఎడ్లబండి మీదికెళ్లి పడ్డ సార్. ఏడెనిమిదేండ్లప్పుడు."

కుడికంటి పక్క కాగితపు పలకలో చిన్న ఖాళీ ఉంది. అక్కడ కంటి కొవ్వు ఇటువైపు కొంచెం జారి ఉంది. పైకి అదీ కండలాగే కనిపించవచ్చునట. తెలియక లాగితే కంటికే ముప్పు. చిన్నాయన మాట్లాడకుండా కుడికన్ను తడుముకున్నాడు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆ బొమ్మలు డాక్టరు ఎదుటనే ఉన్నాయి. కుడివైపు ఎడమకన్నా చాలా ఎక్కువసేపు పట్టిందని తరవాత చెప్పారు. ఫిల్ములు పారవేయవద్దనీ, మళ్ళీ ఎప్పుడు ముక్కు చూపించుకున్నా వెంట తేవాలనీ అన్నారు. ఎల్లారెడ్డి ఇంట్లో బీరువాలో, పొలం పాసుపుస్తకం కిందనే, అవి భద్రంగా ఉన్నాయి.